దీవిలో పొంగని పాలు

మా ఇంట్లో ఏ విషయమైనా ముందు మా అత్తగారి ఊళ్ళో తెలుస్తుంది. తర్వాత ఇక్కడ మస్కట్‌లో, రూవి పేటలో తెలుస్తుంది. అక్కణ్నుంచి మేముండే వాడి కబీర్ పేటలో నాలుగిళ్ళలో నలిగి, ఇంకా ఏమైనా మిగిలితే నా దాకా వస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే. కొత్త సోఫా కొంటున్నామని పక్కింటావిడ చెబితే తెలుసుకున్నాను. ఊరికి ఏ నెలలో వెళ్తున్నామో మా ఆడబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. వీటిని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను. కానీ నా కూతురు ఎక్కడ పెరగాలన్న సంగతి కూడా అదే దారిన వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. చల్లారాక రాద్దామంటే ఈ జన్మకి రాయలేను.

మా ఆయన మస్కట్‌లో, సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంట్‌లో పని చేస్తాడు. షిఫ్టుల ఉద్యోగం. పగటి డ్యూటీ అయితే పాప నిద్రపోయాక ఇల్లు చేరతాడు, రాత్రి డ్యూటీ అయితే పాప బడి నుంచి వచ్చేసరికి దుప్పటి కప్పుకుని ఉంటాడు. వాడి కబీర్‌లో మాది రెండు గదుల ఫ్లాట్. కింద కార్లు బాగుచేసే షెడ్డు. పొద్దున్నే స్కూలు బస్సుల హారన్లు, ఆ తర్వాత సాయంత్రం దాకా రేకుల మీద సుత్తి దెబ్బలు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. పెళ్ళికి ముందు నిజామాబాద్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక ఆ సుత్తి దెబ్బల మధ్యే డైనింగ్ టేబుల్ దగ్గర ట్యూషన్లు చెబుతూ వచ్చాను.

పాప రెండో తరగతిలో ఉండగా ఇద్దరికీ ఒకే నెలలో కబురొచ్చింది.

ఆయనకి మసీరా నుంచి. మసీరా అంటే ఒమన్ తీరానికి తూర్పున సముద్రంలో ఉన్న దీవి. అక్కడి ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి పని, కంపెనీ ఇల్లు, ఇంటి నుంచి నడిచి డ్యూటీకి వెళ్ళొచ్చు. నాకు నిజ్వా దగ్గరున్న ఒక కాలేజీ నుంచి. ల్యాబ్‌లో పిల్లల చేత ప్రయోగాలు చేయించే ఉద్యోగం, స్టాఫ్ క్వార్టర్. ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు ఆ ల్యాబ్ తలుపు తియ్యగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యాసిడ్ ఘాటు అని చెప్పి తుడుచుకున్నాను. సెలవుల్లో మూసి ఉంచిన ల్యాబ్‌లో ఘాటెక్కడిది!

నిజ్వా నాకు ఆ ఒక్క పూటలోనే నచ్చింది. కొండల కింద ఊరు, ఖర్జూర తోటల్లో కాలవలు, శుక్రవారం పూట మేకల సంత. అవన్నీ సరే. సాయంత్రం ఏ టీ కొట్టు దగ్గర చూసినా, ఏ జిరాక్స్ షాపు ముందు చూసినా పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలు. మా పాప వాళ్ళనే చూస్తూ నడిచి ఒక స్తంభానికి గుద్దుకుంది. వాళ్ళలో ఒకమ్మాయి వచ్చి దాని నుదురు రుద్ది చాక్లెట్ ఇచ్చింది. మన సిలబస్ బడి కూడా అక్కడ ఉంది. మస్కట్ నుంచి కార్లో గంటన్నర.

నిజ్వాకి వెళ్తే ఎవరి పనీ పోదు. ఆయన ఇప్పుడు చేస్తున్న ప్లాంట్‌లోనే చేసుకుంటాడు, డ్యూటీ లేని రోజుల్లో ఇంటికొస్తాడు. మసీరాకి వెళ్తే నా ఉద్యోగం పోతుంది, పాప బడి పోతుంది, ఎందుకంటే మన సిలబస్ బడి ఆ దీవిలో లేదు. ఇది తేలడానికి ఎమ్మెస్సీ చదవక్కర్లేదు. బడి సంగతేమిటని అడిగితే మా ఆయన నవ్వి, ఇంట్ల టీచర్‌ను పెట్టుకొని బడి అంటవేంది అన్నాడు. పొగిడానని అనుకున్నాడు పాపం. నా చదువంతా కంపెనీ ఇంటితో పాటు వచ్చే మంచాలూ కుర్చీల లెక్కలో పడిపోయింది.

నిజ్వా సంగతి ఎత్తితే మాత్రం "చూద్దాం" అనేవాడు. మా ఆయన నోట చూద్దాం అన్న మాట వచ్చిందంటే, ఆయన అప్పటికే చూసేశాడని అర్థం.

రూవిలో మాకు పెద్ద దిక్కు లాంటి అన్న ఒకాయన ఉన్నాడు. మా వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా అక్కడే దుకాణం నడుపుతున్నాడు. శుక్రవారం వాళ్ళింట్లో తరచూ పది మందికి భోజనాలు. మగవాళ్ళు హాల్లో, మేము వంటింట్లో. అలాంటి ఒక శుక్రవారం నేను బగారా అన్నం గిన్నె దింపుతుంటే హాల్లో నా కూతురి భవిష్యత్తు తేలిపోతోంది. దీవి మీద పొగ లేదు, ట్రాఫిక్ లేదు, తాజా చేపలు, పిల్లకి ఈత వస్తుంది, తాబేళ్ళతో ఆడుకుంటుంది. ఒకాయనైతే ముందుముందు పిల్ల సముద్రం చదువు చదివి సైంటిస్ట్ అవుతుందని కూడా చెప్పాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. రెండో తరగతికి బడి లేని చోట సైంటిస్ట్ ఎలా అవుతుందో ఎవరూ అడగలేదు. వాళ్ళలో ఒక్కరూ మసీరా చూసినవాళ్ళు కారు. పక్కనున్న బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళమంటేనే సెలవు రోజు నిద్ర చెడుతుందని కసురుకునే మనుషులు.

కాలేజీ ఊరు మాట కూడా వచ్చింది. ఆడపిల్లను కాలేజీలున్న ఊళ్ళో పెంచితే చెడిపోతుందని రూవి అన్న తీర్పు చెప్పాడు. నేను గరిటె పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. నేను కాలేజీల్నే చదువుకున్న అన్నా, కాలేజీలనే చెప్పిన, ఎంత చెడిపోయిన్నో చెప్పు అన్నాను. అందరూ నవ్వారు. చెల్లెకు జెర కోపమెక్కువ అన్నాడాయన, మా ఆయన భుజం తట్టి. అన్నం వడ్డించమన్నారు, వడ్డించాను.

ఆ తర్వాతి వారం మా ఆయన, ఊరికే ఒకసారి చూసొద్దామన్నాడు. నచ్చకపోతే వద్దనుకుందాం, చూస్తే పోయేదేముంది అన్నాడు. మాట సబబుగానే ఉంది. చూడకుండా తీర్పులు చెప్పేవాళ్ళని తిట్టుకున్నదాన్ని, నేను మాత్రం చూడకుండా ఎలా వద్దంటాను? సరే అన్నాను. పొద్దున్నే బయల్దేరి ఎడారి రోడ్డంతా దాటి షన్నా రేవు చేరాం. కారుతో సహా ఫెర్రీ ఎక్కాం.

నీళ్ళ మీద సగం దూరం పోయాక పాప జ్యూస్ ఒలకబోసుకుంది. తువ్వాలు కోసం ఆయన సర్దిన బ్యాగ్ తెరిచాను. పైన తువ్వాలు, దాని కింద కొత్త గుడ్డలో చుట్టిన స్టీలు గిన్నె. గిన్నె మెడకి పసుపు దారం కట్టి ఉంది. లోపల కొంచెం బియ్యం, బెల్లం, కుంకుమ పొట్లం, మా దేవుడి గూట్లో ఉండాల్సిన వెంకటేశ్వరస్వామి ఫోటో.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇందులో అంత కోపానికేముందని బయటివాళ్ళు అడగొచ్చు. మనవాళ్ళు అడగరు. మనలో కొత్తింట్లో పాలు పొంగించడమంటే ఆ ఇంటికి మాటిచ్చినట్టే. పాలు పొంగిన ఇంట్లో కాపురం పెట్టకుండా వెనక్కి తిరిగితే అరిష్టమంటారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి కాలు బెణికినా, ఆ ఇల్లు వద్దన్న మనిషి నెత్తిన పడుతుంది. ఊరికే చూడ్డానికి వెళ్తూ గిన్నె తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరు.

గిన్నె పైకి తీసి ఇదేందని అడిగాను. ఆయన సముద్రం వైపు చూస్తూ, అమ్మ అన్నది, ఎట్లాగూ పోతున్నరు, ఆనాడు మంచి రోజున్నది, పాలు పొంగిచ్చి రాండ్రి అని, అన్నాడు. చూడనీకన్నవు గదా అన్నాను. చూడనీకే, పాలు పొంగిస్తే ఏమైతది అన్నాడు. ఏమవుతుందో ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే గిన్నెని తువ్వాలు కింద పెట్టాడు. చుట్టూ నీళ్ళు. దిగిపోదామంటే చోటు లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ ఫెర్రీ బెంచీ మీద కూర్చున్నాను.

దీవి బాగుంది. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. ఇల్లు తెల్లగా, గాలీ వెలుతురుగా ఉంది. వెనక తలుపు తీస్తే ఇసుక, ఆ తర్వాత నీళ్ళు. పాప చెప్పులు వదిలేసి పరుగెత్తింది. వాడి కబీర్‌లో దాన్ని చెయ్యి వదిలి నడవనిచ్చిన రోజు లేదు. అది అలా పరుగెడుతుంటే నాకు సంతోషమేసింది, సంతోషమేసినందుకు మళ్ళీ కోపమొచ్చింది. మా ఆయన నా మొహం చూసి, చూసినవా అన్నాడు. తనే గెలిచానన్న గొంతుతో అన్నాడు.

ఇంటి తాళం తెచ్చింది ప్లాంట్‌లోనే పని చేసే ఉత్తరాది అతను. మంచి మనిషి. ఇల్లంతా తిప్పి చూపించాడు. ఇంతకుముందు ఇక్కడున్న కుటుంబం సంగతి అడిగాను. వాళ్ళకి ఇద్దరు పిల్లలట, కొన్నేళ్ళు తల్లే ఇంట్లో చదువు చెప్పిందట, పెద్దవాడికి పదేళ్ళు రాగానే ఇద్దర్నీ ఇండియాలో హాస్టల్‌లో వేశారట. ఇక్కడ మన ఇండియా వాళ్ళంతా అంతే, పిల్లలు కాస్త పెద్దయితే పంపేస్తారు, అందుకే ఇక్కడ ఇంత ప్రశాంతంగా ఉంటుంది మేడమ్ అని హిందీలో చెప్పాడు. ఆ ప్రశాంతతని అతను మెచ్చుకుంటున్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ రెక్క సరిగా పడుతుందో లేదో చూస్తున్నాడు.

మంచి ఘడియ దగ్గరపడిందని మా అత్తమ్మ వీడియో కాల్ చేసింది. ఫోన్‌ని వంటింటి గట్టు మీదున్న పాత డబ్బాకి ఆనించి పెట్టాడు మా ఆయన. అటువైపు అత్తమ్మ, ఆడబిడ్డ, ఇంకెవరో ఇద్దరు పక్కింటివాళ్ళు. నేను ఆయన దీవిలో కొన్న పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోశాను. పొయ్యనని మొండికెయ్యొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, అంతమంది ముందు, అందులోనూ మా అత్తమ్మ చేతులు జోడించుకుని కూర్చుని ఉండగా, ఎవరు మొండికేస్తారో వచ్చి చూపించమనండి.

సిలిండర్ పాత కుటుంబం వదిలిపెట్టింది. మంట మొదట నీలంగానే వచ్చింది. పాలు వేడెక్కాయి, అంచున బుడగలు కట్టాయి, మీగడ కట్టి మెల్లగా లేచాయి. గిన్నె అంచు దాకా వచ్చాయి. అప్పుడు మంట పసుపురంగుకి తిరిగి, రెండుసార్లు ఎగిరి, ఆరిపోయింది. పాలు వచ్చిన దారినే కిందికి దిగిపోయాయి. మా ఆయన నాబ్ తిప్పాడు, సిలిండర్ ఊపాడు, లైటర్ నొక్కాడు. గ్యాస్ అయిపోయింది.

అటువైపు నెట్‌వర్క్ సరిగా అందక బొమ్మ ఆగి ఆగి వస్తోంది. పొంగినయా బిడ్డా, పొంగినయా అని అత్తమ్మ గొంతు మాత్రం వినిపిస్తోంది.

మా ఆయన మసిగుడ్డతో గిన్నె పట్టుకున్నాడు. ఒక పక్కకి వంచాడు. పాలు అంచు మీదుగా స్టవ్ మీదికి, గట్టు మీదికి కారాయి. అప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ కారిన పాలు చూపించాడు.

"పొంగినయమ్మా. తూర్పు దిక్కే పొంగినయ్."

ఈ మనిషి ప్లాంట్‌లో నీళ్ళ పరీక్షలో ఉప్పు పిసరంత ఎక్కువ తేలినా సంతకం పెట్టడు. పైవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసినా పెట్టడు. అందుకని ఆయనంటే నాకు గౌరవం కూడా. అదే మనిషి కన్నతల్లి ముందు, కూతురి ముందు, దేవుడి ఫోటో ముందు పాలగిన్నె వంచాడు. అత్తమ్మ ఆ పాలకి దండం పెట్టుకుంది. తూర్పుకి పొంగితే ఇల్లు కలిసొస్తుందని పక్కింటివాళ్ళు అంటున్నారు. గట్టు మీద పాలు నేల మీదికి కారుతున్నాయి. మా పాప వాటిల్లో అడుగు పెట్టబోతుంటే దాన్ని పక్కకి లాగి, గుడ్డ తీసుకుని నేనే తుడిచాను.

తిరిగొచ్చాక ఫోన్లు మొదలయ్యాయి. పొంగిన పాల వార్త మా కన్నా ముందే మస్కట్ చేరింది. రూవి అన్న శుభాకాంక్షలు చెప్పాడు. వంటింట్లో నాతోపాటు గిన్నెలు దింపిన ఆడవాళ్ళు, దీవి మీద చేపలు చవకటగా అని అడిగారు. మా ఆడబిడ్డ వచ్చే ఏడాది పిల్లలతో వచ్చి నెల రోజులుంటానంది. నిజ్వా కాలేజీ వాళ్ళు జవాబు కోసం రెండోసారి ఫోన్ చేశారు. నేను నిజ్వా అన్నప్పుడల్లా అందరిదీ ఒకటే మాట, పాలు పొంగినంక వద్దంటరా అని. మా ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆయన అనాల్సింది ఇంకేముంది? ఆయన బదులు ఊరంతా అంటోంది.

ఒకరోజు పాపని బడికి పంపి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. పాలు పొంగినయా అని అడిగాను. పొంగినట్టే గదా, గ్యాస్ ఉంటే పొంగుతుండె అన్నాడు. నట్టే అంటే ఏందని అడిగాను. మాట మార్చబోయాడు. నేను వదల్లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి ఆయన. నేనూ తక్కువదాన్ని కాను. కింద షెడ్డులో సుత్తి దెబ్బలు పడుతుంటే వాటికి మించి అరుచుకున్నాం.

అరిచి అరిచి అలిసిపోయాక ఆయన మెల్లగా చెప్పాడు. వాళ్ళ నాన్న దుబాయిలో లేబర్ క్యాంపుల్లో ఉండి పని చేసినవాడు. రెండేళ్ళకోసారి ఇంటికొచ్చేవాడు.

"మా నాయిన వస్తే నేను తలుపెనక దాక్కునేటోన్ని. ఎవరో కొత్తాయన అనుకునేటోన్ని. నా బిడ్డ నన్ను చూసి గట్ల దాక్కోవద్దు. మసీరల పగటియాల్ల అన్నం ఇంట్ల తినొచ్చు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ సంగతి నాకు చెప్పలేదు. తల్లి చెప్పిన ముహూర్తం నాకు చెప్పలేదు సరే, తన బాధ కూడా చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చి, ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్ళం. చెప్పకుండా గిన్నె సర్దాడు. జాలి వేసింది కానీ జాలితో పాటు కోపం ఇంకా పెరిగింది.

"తాళమిచ్చినాయన ఏమన్నడో విన్నవా? పదేండ్లొస్తే పిల్లలను హాస్టల్‌కు పంపుతరట. మన బిడ్డకు పదేండ్లు రావడానికి ఎంతో దూరం లేదు. అప్పుడది నిన్ను ఏడాదికోసారి చూస్తది. అప్పుడు తలుపెనక దాక్కుంటది."

ఆయన లేచి డ్యూటీకి తయారై వెళ్ళిపోయాడు. రాత్రి వచ్చి, నువ్వన్నది నిజమే గానీ పాలు పొంగినయని అందరికి చెప్పినం గదా, ఇప్పుడు అమ్మకెట్ల చెప్పాలె అన్నాడు. నేను తెల్లబోయాను. పిల్ల బడి సంగతి ఆయనకి అర్థమైంది, హాస్టల్ సంగతి అర్థమైంది. ఇంకా అడ్డుగా ఉన్నది ఆయన చేత్తో ఆయన వంచిన పాలు. తను ఆడిన అబద్ధానికి తనే భయపడుతున్నాడు, ఆ భయానికి నేనూ నా కూతురూ ఆ దీవి మీద కాపురముండాలి.

ఆ శుక్రవారం అత్తమ్మ ఎప్పటిలాగే వీడియో కాల్ చేసింది. ఎప్పుడు చేరుతున్నారని అడిగింది. మా ఆయన ఫోన్ పట్టుకుని నీళ్ళు నములుతున్నాడు. నేను ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"అత్తమ్మా, ఆనాడు పాలు పొంగలే. నడుమనే గ్యాస్ అయిపోయింది. మీ కొడుకు గిన్నె వంచిండు."

అటువైపు అత్తమ్మ వెనక ఎవరో పప్పు చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. మా అత్తమ్మ పెద్దగా చదువుకోలేదు. మొగుడు దుబాయిలో ఉండగా ఇద్దరు పిల్లల్ని పెంచి, ఇల్లు కట్టించి, ఆ ఇంట్లో ఒక్కతే పాలు పొంగించుకున్న మనిషి. నేనంటే ఆమెకు పెద్ద ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు. ఫోన్ వానికియ్యి అంది.

నిజమేనారా అని అడిగింది. మా ఆయన, సిలిండర్ల గ్యాస్ తక్కువుండెనమ్మా అని మొదలుపెట్టాడు.

"నేను గ్యాస్ సంగతి అడగలే. పాలు పొంగినయా, పొంగలేదా?"

"పొంగలే."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, తీసింది.

"పొంగని పాలకు నాతోని దండం పెట్టిచ్చినవారా. నలుగురి ముంగట. పొంగని ఇంట్ల పసిపిల్లను పెట్టుకొని ఎట్లుంటరు? ఆడికి పోవద్దు. ఏడ పొంగితే ఆడికి పోండ్రి."

ఫోన్ పెట్టేసింది. అంతే. అన్ని వారాలుగా నేను గొంతు చించుకున్నది ఆమె ఒక్క మాటతో అయిపోయింది. మా ఆయన మర్నాడే మసీరాకి వెళ్ళనని కంపెనీకి చెప్పేశాడు. పాలు పొంగలేదట అని రూవిలో అందరికీ తెలిసింది, అయ్యో అలాగా, అయితే వద్దులే అన్నారంతా. ఎవరూ వాదించలేదు. ఆడపిల్ల కాలేజీ ఊళ్ళో చెడిపోతుందని తీర్పు చెప్పిన రూవి అన్న కూడా వాదించలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అందరికీ ఎంత తేలిగ్గా అర్థమైందో చూస్తుంటే గిన్నె తీసి గోడకి కొట్టాలనిపించింది.

నిజ్వాలో క్వార్టర్ తాళాలు ఇచ్చిన రోజు మా ఆయన సెలవు పెట్టాడు. నిండు సిలిండర్ తనే మెట్ల మీదుగా మోసుకొచ్చాడు, నేను చెప్పలేదు. వంటింటి కిటికీలోంచి ఖర్జూర చెట్లు, వాటి వెనక కొండ కనిపిస్తున్నాయి. మళ్ళీ అదే గిన్నె, అదే పసుపు దారం. అత్తమ్మ వీడియోలో కూర్చుంది. ఈసారి పక్కింటివాళ్ళు లేరు.

"ఫోన్ పొయ్యి కాడనే పెట్టు బిడ్డా. వాన్ని మాత్రం దగ్గరికి రానియ్యకు."

మా ఆయన వంటింటి గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పాప ఆయన పక్కనే నిలబడి తనూ చేతులు వెనక్కి కట్టుకుంది. పాలు లేచాయి, అంచు దాటాయి, ఎవరి చెయ్యీ పడకుండా పొంగి స్టవ్ మీద కారాయి. పడమటి వైపు కారాయి. అత్తమ్మ ఫోన్‌లోంచి మెడ సాచి చూసింది.

"ఎటు వోతేంది. పొంగినయ్."

దండం పెట్టుకుని, పాపని దీవించి, ఫోన్ పెట్టేసింది. మా ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. మెల్లగా, ఇప్పుడు ఖుషేనా అని అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు, అది నాకు తెలుసు.

"నేను వద్దంటే వినలే. పాలు వద్దంటే విన్నవ్."

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో, ఇంత చదువు చదివి, ఇంత అరిచి, నా మాటకి ఆ గిన్నెడు పాలపాటి విలువ లేకపోయింది. ఆ పాలు పొంగి ఉంటే నేనివాళ ఆ దీవి మీద ఉండేదాన్ని. ఇంకో అర నిమిషం గ్యాస్ ఉండి ఉంటే చాలు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మసిగుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మసీరల నేను తుడిచిన. గివి నువ్వు తుడువు."

ఆయన తుడవడం మొదలుపెట్టాడు. పాలు అప్పటికే వేడి స్టవ్‌కి అంటుకుని మాడిపోయాయి, చెంచాతో గీకాల్సి వచ్చింది. నేను పాప బడి సంచీ సర్దడానికి లోపలికి వెళ్ళాను.